బెంచి మీద కునుకు

కంటి ఆసుపత్రిలో ఆ బెంచి మీద కళ్లు మూసుకుని ఎవరు కూర్చున్నా సరే, వాళ్లకు చుక్కలు పడతాయి. గోడ మీద రాసిపెట్టకపోయినా అక్కడ అదే రూలు. నాయనమ్మ కమలవ్వ కంటి శుక్లం చూపిద్దామని ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి కామారెడ్డి వచ్చిన శ్రావణ్‌కు ఆ సంగతి తెలియదు. 2013 వానాకాలం. పొలాలకు కరెంటు రాత్రిళ్లే ఇస్తున్న రోజులు. తెల్లవార్లూ మోటారు కాపలా కాసిన మనిషి, గోడకు తల ఆనించగానే నిద్రపోయాడు.

ఎవరో రెప్ప పైకెత్తారు. చల్లగా, చురుక్కుమంటూ ఏదో పడింది. రెండో కంట్లో కూడా పడ్డాక గాని అతనికి మెలకువ రాలేదు.

"ఏందిది! నాకెందుకేసినవ్?"

చుక్కల సీసా పట్టుకున్న అమ్మాయి ఏమాత్రం బెదరలేదు. "కండ్లు మూసుకొని కూసుంటే పేషెంటనుకున్న."

"నిద్రవోతున్న!"

"నిద్రవోనీకె బస్టాండ్ల జాగ లేదా?"

వాదులాట కాసేపు సాగింది. పేరు చదివి కంప్లైంట్ ఇద్దామని చూస్తే, చుక్కల దెబ్బకు ఆమె కోటు మీది అక్షరాలు అప్పటికే అలుక్కుపోయినట్టు కనిపించాయి.

"భూమిక," అని ఆమే చెప్పింది. "రాస్కోండ్రి. సంతకం పెట్టేటప్పుడు కనవడకుంటే చెయ్యి వట్టుకొని పెట్టిపిస్త."

గొడవ విని డాక్టరమ్మ నవ్వింది. "చుక్కలు ఎట్లాగూ పడ్డాయి. కూర్చో బాబూ, చూసేద్దాం."

ఎడమ కన్ను నవ్వుతూనే చూసింది. కుడి కంటి దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

"కంటి ముందు నల్లటి పోగుల్లాంటివి తేలుతుంటాయా?"

"తేల్తయ్ మేడం. పొలం కాడ దోమలనుకున్న."

దోమలు కావు. రెటీనా అంచున, ఉండకూడని చోట కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. బలం లేని పలచటి నాళాలు. అవి చిట్లితే కన్నంతా రక్తం నిండి చూపే పోవచ్చు. ఈ వయసు మగపిల్లల్లో ఇది అప్పుడప్పుడూ చూస్తామని, ఎందుకొస్తుందో మాత్రం తేల్చి చెప్పలేమని అంది డాక్టరమ్మ. పరీక్షలు చేయించుకోవాలి, లేజర్‌తో ఆ నాళాల్ని ఎండగట్టాలి, ఆలస్యం చేయకూడదు.

బయటికొస్తే జోరున వాన. బస్సు బోర్డులు చదవడం అతని వల్ల కాలేదు, కమలవ్వ వల్ల అసలే కాదు. డ్యూటీ దిగిన భూమిక గొడుగుతో వచ్చి ఇద్దర్నీ పట్టుకుని బస్సెక్కించింది. ఆమె ఉండే లంబాడీ తండా కూడా ఎల్లారెడ్డి దారిలోనే.

"భయమైతుందా?" అంది సీట్లో కూర్చున్నాక.

"లే."

"మరి నా చెయ్యెందుకు ఇడుస్తలేవు?"

శ్రావణ్ చటుక్కున వదిలేశాడు. కమలవ్వ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

లేజర్ విడతలు విడతలుగా సాగింది. ఆకుపచ్చ మెరుపులు కంట్లో పడుతుంటే గడ్డం స్టాండు మీద ఆనించి కదలకుండా కూర్చోవాలి. వెనక నిలబడి అతని తల పట్టుకునేది భూమికే. "కదిలినవంటే సూడు!" అని బెదిరించేది. మధ్యలో టీలు, మిస్డ్ కాల్స్, చిన్న చిన్న అలకలు. అసలు మాట ఒక్కటి మాత్రం శ్రావణ్ నోరు దాటలేదు. చూపు నిలుస్తుందో లేదో తెలియకుండా ఆడపిల్లను అడగడం అన్యాయమనుకున్నాడు. అందుకే ఒకరోజు ఆమె, "మా బాపు సంబంధాలు చూస్తుండు" అంటే, "మంచిదే గద" అనేశాడు.

ఆ రోజు నుంచి భూమిక మాటలు మానేసింది. వచ్చేది, చుక్కలు వేసేది, వెళ్లిపోయేది.

చలికాలంలో డాక్టరమ్మ మళ్లీ పరీక్ష చేసింది. చాలాసేపు చూసి, లైటు ఆర్పింది.

"కొత్త నాళాలన్నీ ఎండిపోయాయి. చూపు బాగుంది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండు, చాలు."

కమలవ్వ మనవడి బుగ్గలు పుణికింది. శ్రావణ్ గబగబా వరండాలోకి నడిచాడు. భూమిక అక్కడే ఉంది.

"ఎండిపోయినయట."

"విన్న."

"ఇప్పుడడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "కన్ను మంచిగైనంక అడుగుతవా? మంచిగ గాకుంటే అడగకపోతుంటివా?"

"నిన్ను కష్టపెట్టొద్దనుకున్న."

"గది నన్నడగాలె గద! దినాం కండ్లు గానరానోళ్ల చెయ్యి వట్టుకొని నడిపిస్త. నీ ఒక్కని చెయ్యే నాకు బరువైతదా?"

శ్రావణ్ తల దించుకున్నాడు. "తప్పయింది భూమికా. నువ్వంటే నాకు పానం."

"చేసుకుంట," అంది ముక్కు ఎగబీలుస్తూ. "కానీ మా బాపును అడిగే ధైర్యముందా?"

"వాడెందుకు, నేనడుగుత," అంటూ వెనక నుంచి కమలవ్వ వచ్చింది. "మా ఇంట్ల ఎవలన్న కులం మాటెత్తితే గది గూడ నేనే చూసుకుంట. మరి గిప్పుడు ఏడుస్తవెందుకు బిడ్డా?"

భూమిక ఆమె భుజం మీద తల వాల్చింది.

"డాక్టరమ్మ చూసినన్ని సార్లు తలుపవతల నేను మొక్కుకుంట నిలవడ్డ అవ్వా. గిప్పుడు పానం నిమ్మళమైంది."