హాజరు పలికిన గాస్పర్

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు తెరచాపలు కుట్టే అబ్రావ్ కార్దోజో. తర్వాత మాట మార్చినవాడూ వాడే. వాడు పోయి ఏడేళ్ళయింది. నేనింకా క్షమించలేదు.

ఆ మధ్యాహ్నం కింగ్‌స్టన్ రేవులో ఎండ మాడ్చేస్తోంది. నేను పీపాకి ఇనప కట్టు బిగిస్తున్నాను. కార్దోజో వచ్చి నిలబడ్డాడు.

"ఇంగ్లీషువాళ్ళు పట్టుకొచ్చిన ఓడ ఉందే, దాని తెరచాపలు చూడ్డానికి పోయానయ్యా. అడుగున సరుకు గదిలో ఎవరో ఉన్నారు. మీ అల్లుడి గొంతు."

"పొద్దున్నే పట్టించావా?"

"పట్టిస్తే మా ఆవిడ గొంతు వినపడుతుంది గానీ, నీ అల్లుడిది ఎందుకు వినపడుతుంది?"

మా అల్లుడు మెనాషె నహార్ ఆ ఓడలో సరుకు చూసుకునేవాడు. స్పెయిన్ రాజు రేవుల్లో యూదుడని తెలిస్తే చెరసాలే. అందుకని మావాళ్ళందరిలాగే అతనికీ కాగితాల మీద క్రైస్తవుడి పేరు పెట్టాం. గాస్పర్ వియేగస్. ఆ పేరు అలవాటు చేసింది నేనే. మూడు నెలలు. అన్నం తింటుంటే, నిద్రపోతుంటే, వెనకనుంచి "మెనాషే!" అని కేకేసేవాణ్ణి. తల తిప్పాడా, చెంప పగిలేది. నా పీపా నలభై ఏళ్ళలో బొట్టు కారలేదు, నా అల్లుడూ కారకూడదు. నా కూతురు రిబ్కా గోడవైపు తిరిగి ఏడ్చేది. చివరికి అతను కదలడం మానేశాడు.

ఇంతలో స్పెయిన్‌కీ ఇంగ్లీషువాళ్ళకీ యుద్ధం వచ్చింది. ఆ పేర్లు చూసే ఇంగ్లీషువాళ్ళు శత్రువుల ఓడ అని పట్టేశారు. దిగినవాళ్ళలో మా అల్లుడు లేడు. శవమూ లేదు.

భర్త పోయాడన్న సాక్ష్యం లేకపోతే మాలో ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. రిబ్కాకి అప్పుడు ఇరవై రెండు. మా గురువు హాహామ్ ఒక్కటే దారి చూపించాడు. "మనిషి కనపడకపోయినా సరే, గొంతు వినపడినా చాలు. ఫలానావాడి కొడుకు ఫలానావాణ్ణి, చచ్చిపోయాను అని అది చెప్పాలి."

కాపలావాడి చేతిలో రమ్ము సీసా పెట్టి నిచ్చెన దిగాను.

పైన పట్టపగలు. కింద నా చెయ్యి నాకే కనపడలేదు. తడిసి ముక్కిన కోకో గింజల వాసన, తారు వాసన, ఆ రెంటి కింద తియ్యటి కుళ్ళు. కొయ్యలు మూలుగుతున్నాయి. ఎక్కడో నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

"మెనాషే."

ఏమీ లేదు.

"మెనాషే... నేనురా. మామయ్యని."

బొట్టు చప్పుడు కూడా ఆగింది.

ఆ రెండో పేరుతో పిలిచాను. "గాస్పర్...?"

"ఆఁ. చెప్పండి."

చెవి పక్కనే. ఊపిరి తగల్లేదు. మాటే.

"నువ్వు... ఉన్నావా?"

"గాస్పర్ వియేగస్ చచ్చిపోయాడండీ. ఇక్కడే... బస్తాల కింద."

"నీ అసలు పేరు చెప్పు నాయనా. మీ నాన్న పేరు కూడా. ఒక్కసారి. రిబ్కా కోసం."

నవ్వు... మెల్లగా, గెలిచినవాడిలా.

"మళ్ళీ పరీక్షా మామయ్యా? ఈసారి దొరకను. మెనాషె ఎవరో నాకు తెలీదు."

"పరీక్ష కాదురా... ఒట్టు!"

"అప్పుడూ అలాగే అనేవారు."

చల్లగా ఏదో నా చెంపకి ఆనింది. కొట్టలేదు. ఊరికే... ఆనింది.

ఎలా పైకొచ్చానో తెలియదు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు బస్తాలన్నీ దింపించారు. కింద ఏమీ లేదు.

హాహామ్ అంతా విన్నాడు. "గాస్పర్‌లు స్పెయిన్ నిండా ఉన్నారు. ఆ గొంతు తండ్రి పేరు చెప్పిందా?" ఒక్క అబద్ధం ఆడితే నా బిడ్డ బయటపడేది. నా నోటికి రాలేదు. కార్దోజోని సాక్ష్యానికి పిలిస్తే, "గాలి అయ్యుంటుందండీ" అన్నాడు.

ఓడ ఎవరికి చెందాలో తేల్చే కోర్టులో గుమస్తా ఓడవాళ్ళ పేర్లు చదివాడు. బెంచీ మీద నేను, కార్దోజో, ఓడ వంటవాడు. ముగ్గురమే.

"గాస్పర్ వియేగస్?"

"ఉన్నానండీ."

నాకూ కార్దోజోకీ మధ్యనుంచి. కార్దోజో మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా నోరు విప్పలేదు. గుమస్తా తలెత్తి మా మధ్యకి చూశాడు. "సరే, చెయ్యి దించు" అన్నాడు.

మేమెవరమూ చెయ్యెత్తలేదు.

హాజరు పడింది. "దొరల పుస్తకంలో బతికున్నవాణ్ణి నేను చంపలేను" అన్నాడు హాహామ్. ఇప్పుడు రిబ్కాకి నలభై ఒకటి. నాతో మాట్లాడదు.

మొన్న కర్ర పట్టుకుని కోర్టుకి పోయాను, ఆ ఒక్క హాజరు కొట్టెయ్యమని. గుమస్తా కొత్తవాడు. పుస్తకం తిప్పీ తిప్పీ, "ఏ తేదీది తాతా?" అన్నాడు. అప్పటినుంచి పట్టుకొచ్చిన ప్రతి ఓడ విచారణలోనూ ఉందట ఆ పేరు. పోయిన నెల దాకా.

ఇది చదివినవాళ్ళెవరైనా ఆ కోర్టుకి వెళ్ళండి. డావిద్ నహార్ కొడుకు మెనాషె పోయాడని రాయించండి. ఆ హాజరులన్నీ కొట్టేయించండి.