అక్క ఫోన్ దగ్గరకొస్తే

సాయంత్రం వాన పట్టింది. మేడమీది గదిలో గోడలు చెమ్మవాసన కొడుతున్నాయి. చెల్లెలు, చనిపోయిన అక్క కంప్యూటర్ ముందు కూర్చుంది.

అక్క పత్రికలో పనిచేసేది. మందుల ఫ్యాక్టరీ పాపాలు బయటపెట్టబోతూ వంతెన మీంచి నదిలో పడిపోయింది. పడిందో, తోశారో! శవం దొరికింది, ఫోన్ దొరకలేదు. ఆ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేస్తూ అక్కకు సాక్ష్యం చెప్పిన, వరసకు వదినయ్యే ఆవిడ ప్రాణభయంతో ఇల్లు మారింది. ఆ కొత్త అడ్రసు చెల్లెలికి ఒక్కదానికే తెలుసు. ఈ కంప్యూటర్‌లోనే దాచింది.

దాచిందట! అక్క ఫోన్ దగ్గరకొస్తే చాలు, ఇది దానంతటదే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కొట్టే శ్రమ మనకుండకూడదని కంపెనీవాళ్లు దయతలచి చేసిన ఏర్పాటు. ప్రజల సుఖమే వాళ్ల ధ్యేయం మరి! ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో యంత్రానికి అనవసరం. ఆ ఏర్పాటు తీసేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. అక్క పేరు చెరపడానికి చెయ్యి రాలేదు.

“పొద్దస్తమానం ఆ పెట్టెతోనే కాపురమా? ఒక మంచి సంబంధం చూపిస్తుందేమో అడగవే,” అంది వంటింట్లోంచి పిన్ని.

“ముందు నీకే చూడమంటాలే పిన్నీ!”

నవ్వుతూ కంప్యూటర్‌కి తాళం వేసి లేచింది.

స్క్రీన్ వెలిగింది.

‘అక్క ఫోన్ దగ్గర్లో ఉంది.’

తాళం తెరుచుకుంది. అదే క్షణంలో కరెంటు పోయింది; బ్యాటరీ మీద స్క్రీన్ మాత్రం వెలుగుతూనే ఉంది. మెట్ల మీద... తడి చెప్పుల చప్పుడు. తలుపు సందులోంచి బురద వాసన.

“పిన్నీ... కింద గేటు వేశావా?”

“వేశానే. ఎవరే అది?”

స్క్రీన్ మీద బాణం కదిలింది. చెల్లెలి చెయ్యి మౌస్ మీద లేదు... వదిన అడ్రసు తెరుచుకుంది.

“అక్కా... నువ్వే అయితే క్షమించు,” అని గొణిగి, అక్క ఫోన్ పేరు పక్కనున్న ‘తొలగించు’ నొక్కింది. స్క్రీన్‌కి మళ్లీ తాళం పడింది. మెట్ల మీద చప్పుడు ఆగింది. మెల్లగా... కిందికి దిగిపోయింది.

హమ్మయ్య అనుకునేలోపే ఆమె ఫోన్ మోగింది. ఊరికి ఆ చివరనున్న వదిన.

“అమ్మాయ్... మీ అక్క పోయిందన్నావుగా?” గుసగుస.

“ఏమైంది వదినా?”

“మా కిటికీ దగ్గర నిలబడింది. తడిసి ముద్దయింది. అడ్రసు తన కంప్యూటర్‌లో చూశానంటోంది...”

“తలుపు తీయకు!”

“తనూ అదే అంటోందమ్మా. ఏడుస్తూ... ‘తలుపు తీయకు, ఫ్యాక్టరీవాళ్లూ చూశారు’ అని.”

ఫోన్‌లో వాన చప్పుడు. దాని మధ్య, గొళ్లెం జారిన చప్పుడు.

“నేను తీయలేదమ్మా...” అంది వదిన.