ముఖానికి పట్టిన రాతిపొడి

ఆదివారం పొద్దున అరుణకుమారి ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే, వసారాలో కూతురు వర్షిణి తండ్రి ముఖానికి తెల్లటి క్రీము పూస్తోంది. లింగాచారి కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి, మంగలి ముందు కూర్చోబెట్టిన పిల్లవాడిలా ఓర్చుకుంటున్నాడు.

"ఏందమ్మే ఇది, వెన్న మాదిరి జిడ్డుగా ఉండాది?"

"సన్‌స్క్రీన్ నాయనా. ఎండకు చర్మం కాలకుండా పూసుకునేది. నీది పొడి చర్మం. దానికి ఇట్ల మందంగా ఉండేదే పడతాది."

"కాలాల్సిందంతా కాలిపాయె. ఇంగ మిగిలిందేముంది?"

"రాత్రి ఒప్పుకున్నావు. ఇప్పుడు మాట మార్చద్దు."

లింగాచారి మాట మార్చే మనిషి కాదు. అందుకే కదలకుండా కూర్చున్నాడు.

ఆళ్లగడ్డలో రోడ్డు వెంబడి రాళ్లు పరుచుకుని దేవుళ్లను చెక్కే వాళ్లలో అతనొకడు. ఏడో తరగతిలో బడి మాని ఉలి పట్టాడు. పెద్ద రాళ్లు షెడ్డులో పట్టవు, బయట ఎండలోనే చెక్కాలి. ముక్కు మీద, చెవి అంచుల మీద చర్మం ఎర్రగా కాలి ఎప్పుడూ పొట్టు లేస్తూనే ఉంటుంది. చదువుకున్నవాడి ముఖానికి ఫ్యాను, మానేసినవాడి ముఖానికి ఎండ అని లోకం ఎప్పుడో పంచేసిందని అతని లెక్క. అందుకే కూతురిని ఫార్మసీ చదివించాడు. నంద్యాలలో చర్మం డాక్టరు దగ్గరున్న మందుల షాపులో, ఏసీ కింద ఉద్యోగం. శనివారం వస్తుంది, సోమవారం మొదటి బస్సుకు పోతుంది. ఆ బస్సు ఎక్కుతున్న కూతురిని చూసినప్పుడు మాత్రమే అతనికి తన బతుకు మీద కోపం కాస్త తగ్గేది.

అలాంటి కూతురు రాత్రి అన్నం దగ్గర, ఉద్యోగం మానేసి షెడ్డుకు వస్తానని, రాతిపని నేర్పమని అడిగింది.

"ఎండ నీ మొగం తినేస్తాది" అన్నాడు లింగాచారి.

"ఎండకు మందుంది. రేపు ఒక దినం నువ్వు పూసుకో. పనిచేస్తే నన్ను రానీ. చేయకపోతే నేను మళ్లీ అడగను."

ఆ ఒప్పందం మీదే ఈ పూత.

పాణ్యం దగ్గరి గుడికి ఒక నంది తయారవుతోంది. లింగాచారి దాని మూపురం మీద రాయి అరగదీసే మిషన్ పెట్టాడు. రాతిపొడి పొగలాగా లేచింది. రోజూ లేచేదే, రోజూ తువ్వాలుతో దులిపేసుకునేదే. ఈ రోజు మాత్రం ముఖం మీద వాలిన పొడి వాలినట్టే అతుక్కుంది. చెమట పట్టింది, పొడి తడిసింది, ఎండకు గట్టిపడింది. తుడిస్తే గీరుకుంటోంది. మధ్యాహ్నానికి కనుబొమ్మలు, మీసాలు, బుగ్గలు అన్నీ ఒకే బూడిదరంగు పొర కిందికి వెళ్లిపోయాయి.

పక్కన నునుపు పట్టే డేవిడ్ ఉప్పుకాగితం పక్కన పెట్టి, తీరుబడిగా చూశాడు.

"అన్నా, నిన్ను కూడా ఆ నంది పక్కన కూర్చోబెడదామా? జతకు కుదురుతాది."

"గమ్మున పని చూడప్పా."

అంతటితో పోయినా బాగుండేది. నందిని చూసుకోవడానికి పాణ్యం నుంచి గుడి పెద్దలు కారులో దిగారు. అందులో ఒకాయన లింగాచారినే చూస్తూ, "ఏమప్పా, ఆచారి గారు యాడ?" అని అడిగాడు. డేవిడ్ నంది వెనక్కి పోయి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

లింగాచారి ఇంటికి వచ్చి క్రీము ట్యూబును వాకిట్లోకి విసిరేశాడు.

"చూసినావా నీ మందు? నా షెడ్డులో నన్నే యాడున్నాడని అడిగినారు."

వర్షిణికి నవ్వు రాబోయి, తండ్రి కళ్లు చూసి ఆగిపోయింది. "తప్పు నాదే నాయనా. చర్మం చూసినా గానీ దుమ్ము సంగతి ఆలోచించలే. ఇంకో రకం..."

"ఇంకో రకం లే, ఏం లే. మాట అయిపాయె. రేపు బస్సు ఎక్కు."

"ఆ పిల్లకు చేతిలో పనుంది" అంది అరుణకుమారి వంటింటి గడపలో నిలబడి. "చిన్నప్పుడు సుద్దరాయి మీద చిలకను గీకితే నువ్వే ఊరంతా చూపించినావు. ఇప్పుడు రావద్దంటావు. ఎందుకో చెప్పబ్బా."

లింగాచారి గోడ వైపు చూశాడు. అక్కడ వాళ్ల పెళ్లి ఫోటో ఉంది.

"ఆ ఫోటోలో మా యమ్మ యాడుందో చూడు."

ముగ్గురూ చూశారు. అందరికంటే వెనక, ఎవరిదో భుజం చాటున, సగం ముఖం.

లింగాచారి తల్లి కమలాక్షమ్మ కూడా షెడ్డులోనే బతికింది. ఆ కాలంలో మిషన్లు లేవు. మొగవాళ్లు చెక్కిన విగ్రహాన్ని నీళ్లు పోసి, రాయితో రాసి రాసి ఆమే నునుపు తేల్చేది. పొద్దున్నే కొడుకును కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని ముఖానికి, మెడకు ఆముదం రుద్దేది. ఎండకు అదే మందని ఆమె నమ్మకం. ఆ జిడ్డు వాసన, ఆమె వేళ్ల గరుకు, పక్కన పొయ్యి మీద ఉడుకుతున్న సంగటి ఆవిరి. అన్నీ అయ్యాక తప్పనిసరిగా ఒక మాట అడిగేది, "చెవుల ఎనక పూసుకున్నావా?" అని. ఎవరూ చూడని చోటే ఎండ ముందు పడుతుందనేది. సాయంత్రం ఆ జిడ్డుకు పట్టిన పొడినంతా శెనగపిండితో రుద్ది వదిలించేది. కొడుక్కి రుద్దేంత తీరిక తనకు రుద్దుకోవడానికి ఎప్పుడూ దొరకలేదు.

"పెండ్లినాడు ఫోటో తీసేటోడు ముందుకు రమ్మని పిలిచినాడంట. నా మొగం ఏం బాగుంటాదిలే నాయనా, పిల్లోల్లను తీయి అని ఎనక్కి పోయిందంట. నాకు ఫోటో చేతికి వచ్చినాక తెలిసింది." లింగాచారి గొంతు తగ్గింది. "ఎండ ఆమెను కాల్చింది, అది సరే. తనంతట తానే ఎనక్కి పోయేటట్టు చేసింది చూడు, అది నాకు మింగుడు పడదు. రేపు నీ పెండ్లి ఫోటోలో నువ్వు ఎనక్కి పోతే నేను చూడలేను."

వర్షిణి లేచి ఫోటో దగ్గరికి వెళ్లి, అందులో నాయనమ్మను చూసింది.

"జేజి నల్లగుందని మీకు గుర్తు. నాకు ఆ మొగం ఎంత గరుకో గుర్తు. చిన్నప్పుడు ఆ బుగ్గ మీద చెయ్యి పెట్టుకునే పండుకునేదాన్ని. రాయి మీద చెయ్యి పెడితే ఇప్పటికీ జేజిని తాకినట్టే ఉంటాది. షాపులో అట్టపెట్టెలు తాకి తాకి నాకు విసుగొచ్చింది నాయనా." ఆమె కళ్లు తుడుచుకుంది. "నేను ఇది పూసేది తెల్లగయ్యేదానికి కాదు. చర్మం కాలకుండా, పుండు పడకుండా. నల్లగయితే కానీ. నేను ఎనక్కి పోను."

లింగాచారి చెయ్యి కడుక్కోవడానికన్నట్టు పెరట్లోకి వెళ్లి, చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

సోమవారం వర్షిణి మాట ప్రకారం బస్సెక్కింది. బస్సుకు పోతూ షెడ్డు దగ్గర ఆగి, గుప్పెడు రాతిపొడి పొట్లం కట్టుకుని బ్యాగులో వేసుకుంది. డేవిడ్ ఆ సంగతి చెబితే, ఎందుకో లింగాచారికి అర్థం కాలేదు. ఆ వారమంతా అతను అన్నం దగ్గర ఆ ఫోటోకు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చున్నాడు.

శనివారం వచ్చినప్పుడు కూతురి ముంజేయంతా ఎర్రగా ఉంది.

"ఏమైందే?" అన్నాడు తండ్రి కంగారుగా.

"రాయి పొడితో రుద్దినా. క్రీము, లోషన్, జెల్ మూడూ చేతి మీద వరసగా పూసి, పైన పొడి చల్లి చూసినా. షాపులో అందరూ నాకు పిచ్చి పట్టిందనుకున్నారు." నీళ్లలా పలచగా ఉన్న జెల్‌ను వేలి మీద వేసి చూపించింది. "క్రీముకు పట్టిన పొడి కడిగితే గానీ పోలే. లోషన్‌కు కొంచెం పట్టింది. ఇది ఆరినాక ఊదితే పోయింది. నాది జిడ్డు చర్మం, నాకు ఇదొక్కటే చాలు. నీది పొడి చర్మం కాబట్టి ఇదొక్కటే అయితే బిగుసుకుంటాది. రాత్రి పండుకునేటప్పుడు ఆముదం పూసుకో. పొద్దున కడుక్కుని ఇది పూసుకో. అన్నానికి లేచినప్పుడు మొగం కడిగి మళ్లీ."

"ఆముదమా?"

"జేజి మందు తప్పు కాదు నాయనా. వేళే తప్పు."

మళ్లీ అడగనన్న పిల్ల, నిజంగానే షెడ్డు మాట ఎత్తలేదు. జెల్ మాత్రం గూట్లో పెట్టింది.

ఆ రాత్రి అరుణకుమారి ఇంట్లో ఎన్నో ఏళ్ల తర్వాత ఆముదం వాసన వచ్చింది. భర్త దిండు కన్నీళ్లకు తడిసిందో, ఆముదానికి జిడ్డయిందో ఆమె లేచి చూడలేదు.

మరునాడు లింగాచారి జెల్ పూసుకుని షెడ్డుకు పోయాడు. ఎండ పైకి వచ్చాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తువ్వాలు వైపు చూశాడు. పొడి రాలిపోయింది. డేవిడ్ కూడా చూశాడు. "ఈ పొద్దు మనిషివే అన్నా" అన్నాడు.

వర్షిణి టిఫిన్ క్యారియర్ తెచ్చి గట్టు మీద పెట్టి తిరిగిపోబోయింది.

"ఆ నంది చెవి ఎనక గరుకుంది" అన్నాడు తండ్రి, ఆమె వైపు చూడకుండా. "ఉప్పుకాగితం తీసుకుని నునుపు పట్టు."

డేవిడ్ తలెత్తాడు. "చెవి ఎనక ఎవరు చూస్తారన్నా?"

"మా యమ్మ చూసేది."

వర్షిణి చున్నీ నడుముకు చుట్టుకుని, జడ ముందుకు వేసుకుని నంది పక్కన వంగింది. ముఖానికి జెల్ పూసుకునే వచ్చింది గానీ, మెడ మీద, చెవుల వెనక ఎండ పడి అప్పుడే ఎర్రబడుతోంది.

"చెవుల ఎనక పూసుకున్నావా?"

ఆ మాట అన్నాక లింగాచారి ఉలి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. గొంతు తనదే, మాట తనది కాదు. వర్షిణి తల అడ్డంగా ఊపి, బ్యాగులోంచి జెల్ తీసి తండ్రికే ఇచ్చింది. అతను వేళ్లు లుంగీకి తుడుచుకుని, కొంచెం తీసుకుని, కాయలు కాసిన ఆ వేళ్లతో వీలైనంత మెత్తగా కూతురి చెవుల వెనక పూశాడు. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని తెలిసినా తెలియనట్టే ఉన్నాడు, ఎందుకంటే అతని కళ్లకూ సరిగా కనిపించడం లేదు.

ఆమె ఉప్పుకాగితం అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండు పాపా. ఆరనీ. ఆరినాక రాయి ముట్టుకుందువు."