టూరిస్టు కారు

"వెనకవాడు హార్న్ కొడుతోంది మనకే," అంది యురేనా తిరిగి చూసి. "ఏం తప్పు చేశాం?"

"ఏమో, తొందర్లో ఉన్నాడేమో," అన్నాను.

నిజానికి నాకు తెలుసు. కారు వెనకద్దం మీద అద్దెకార్ల కంపెనీ స్టిక్కరు అరచేయంత ఉంది. మా టెనెరిఫే దీవిలో ఆ స్టిక్కరు కనబడిందా, తెయిదే కొండ ఎక్కే దారంతా హార్న్‌లే. టూరిస్టులు మలుపు మలుపుకీ కారాపి ఫొటోలు దిగుతారని మావాళ్లకి మంట. పొద్దున పీకేద్దామనుకుని హడావుడిలో మర్చిపోయాను.

కారు నాది కాదు. నేను కార్లు కడిగే అద్దెకార్ల షాపుది. ఓనరు కాళ్లావేళ్లా పడి ఒక్క ఆదివారానికి తెచ్చుకున్నాను. కొత్త వైను పండగలో డాన్సు చేస్తూ యురేనాతో "నా కారు" అని కోసిన కోతల ఫలితం ఇది. మొన్న కొండ మీద మంచు పడగానే, "నీ కారులో తీసుకెళ్తావా నౌసెత్?" అని అడిగింది. ఆ కళ్లని చూస్తూ కాదనడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆగ్వామన్సా ఊరు దాటాక రోడ్డు పక్కన చీజ్ అమ్మే బల్ల కనిపించింది. దాని వెనక మా నాన్న. ఆయన ఆదివారాలు సంతలో ఉంటాడు. మంచు చూసే జనం వస్తారని ఇవాళ ఇక్కడ పెట్టినట్టున్నాడు.

"ఆపు ఆపు, ఆకలేస్తోంది," అంది యురేనా.

ఆపాను. నల్లకళ్లద్దాలు పెట్టుకుని తల దించుకున్నాను. నాన్న స్టిక్కరు వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసి, చీజ్ ముక్క కోసి కిటికీలోంచి అందించాడు.

"గుడ్ చీజ్, మిస్టర్. గోట్. మై గోట్."

ఆయన కన్నకొడుకుని, నేను, "థాంక్యూ" అన్నాను.

యురేనా పడీ పడీ నవ్వింది. "పెద్దాయనా, మేం ఇక్కడివాళ్లమే."

"అలాగా తల్లీ. ఈ బాబుని చూస్తే ఫారినర్‌లా అనిపించింది."

కారు కదిలాక యురేనా అడిగింది. "నువ్వెందుకు ఇంగ్లీషులో అన్నావ్?"

"సరదాకి."

"పెద్దాయనతో ఏం సరదా?"

చీజ్ ముక్క డాష్‌బోర్డు మీద పెట్టేసి గేరు మార్చాను.

మబ్బులు దాటి పైకొచ్చేసరికి ఎండ, ఎండలో మంచు. మా దీవి వాళ్లంతా కారు బానెట్ల మీద మంచు బొమ్మలు కడుతున్నారు, కరిగేలోపు సముద్రం దాకా తీసుకెళ్లాలని. మేమూ ఒకటి కట్టాం. దానికి నా టోపీ పెట్టి, ఫొటో తీయడానికి ఫోను తెస్తానని యురేనా కారు వెనక్కి వెళ్లింది.

"నౌసెత్, ఒకసారి ఇలా రా."

వెళ్లాను. స్టిక్కరు మీద వేలు పెట్టి నిలబడింది. నిల్చున్నది అగ్నిపర్వతం మీదే కదా, అది నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

అంతా చెప్పేశాను. ఆమె పెదవి బిగించి విన్నది. కోపమో నవ్వో తెలియలేదు.

"కారు లేకపోతే రాననుకున్నావా?"

"అవును."

"పిచ్చి మొహమా. ఇంకేమైనా ఉందా?"

లేదంటే సరిపోయేది. కానీ అబద్ధమాడే ఓపిక అయిపోయింది.

"కింద చీజ్ అమ్మిన ఆయన మా నాన్న."

యురేనా స్టిక్కరు మీంచి వేలు తీసేసింది. "ఆయనకా నువ్వు థాంక్యూ చెప్పింది?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"కారు సంగతికి ఇంటికెళ్లి నవ్వుకుంటాను," అంది. "దీనికి మాత్రం నవ్వు రాదు. దింపు కిందికి."

దిగినంతసేపూ ఇక నాతో మాట్లాడదేమోనని నా భయం. బల్ల దగ్గర ఆపి, అద్దాలు తీసేసి కారు దిగాను.

"నాన్నా."

"వచ్చావా," అన్నాడు నాన్న. "పొద్దున్నే గుర్తుపట్టాన్రా. ఆ అమ్మాయి ముందు నీకు చిన్నతనంగా ఉంటుందేమోనని ఇంగ్లీషందుకున్నా. బాగానే మాట్లాడానా?"

నేను తలెత్తలేకపోయాను. ఏడుపొచ్చేసింది.

యురేనా దిగి ఆయన ముందుకొచ్చింది. "నా పేరు యురేనా. మీవాడు నాకేమవుతాడో ఇంకా తేలలేదు. వీణ్ణి సాయంత్రం దాకా ఇక్కడ నిలబెట్టండి."

"మరి నువ్వు తల్లీ?"

"నేనూ ఉంటా. చూడాలిగా," అని స్టూలు లాక్కుని కూర్చుంది.

కాసేపటికి ఒక ముసలావిడ కారాపించి తల బయట పెట్టింది. మా దగ్గర పెద్దవాళ్లు పేరడగరు, ఎవరి తాలూకా అని అడుగుతారు.

"నువ్వెవరి అబ్బాయివి నాయనా?"

"ఈయన అబ్బాయిని," అని గొణిగాను.

"వినపడలేదు," అంది వెనక నుంచి యురేనా.

నాన్న భుజం మీద చెయ్యి వేసి మళ్లీ చెప్పాను. ఈసారి వినపడిందంది యురేనా.