మేము క్షమించాం

"డ్రైవరు భార్య రేపు మందిరానికి వస్తానని కబురు పెట్టింది... నేను రమ్మన్నాను."

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త ఆ మాట అనగానే ఆమె చేతిలోని గరిట జారి కంచంలో పడింది! ఏ డ్రైవరు అని అడగక్కర్లేదు. రెండేళ్ల కిందట బాప్తిస్మం పాఠాలు చదువుకుని సైకిలు మీద ఇంటికొస్తున్న తన బిడ్డని, ఒక్కగానొక్క కూతుర్ని, రోడ్డు మలుపులో గుద్దేసిన లారీ డ్రైవరు! అతను జైల్లో ఉన్నాడు. ఇప్పుడు అతని భార్య తన ముందుకొచ్చి కూర్చుంటుందా!

"రమ్మన్నారా? నన్నొక్క మాటైనా అడక్కుండా?"

"మందిరం మన సొంతమా, రావద్దనడానికి?" అన్నాడాయన తల వంచుకునే.

వాళ్లది మెనొనైట్ క్రైస్తవ సంఘం. కత్తి పట్టరు, పగ పెంచుకోరు, చెంపదెబ్బ తిన్నా చెయ్యెత్తరు అని పేరు. ఆయన తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి, సంఘంలో పెద్ద. ఆమెను అందరూ బొంతలక్క అంటారు. మందిరం వెనక గదిలో ఆడవాళ్లని కూర్చోబెట్టుకుని, గుడ్డముక్కలు అతికి బొంతలు కుట్టి, యుద్ధాల్లో, వరదల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లకి పంపిస్తుంది. జబ్బుపడ్డవాళ్లకి గంజి కాచేదీ ఆమే, ఆదివారం పిల్లలకి పాటలు నేర్పేదీ ఆమే. ఎవరేం అడిగినా కాదన్న పాపాన పోలేదు. "మా కోడలికి దేవుడు నాలుక పెట్టడం మరిచిపోయి, పోనీలే అని ఇంకో రెండు చేతులు పెట్టాడమ్మా!" అని అత్తగారు పదిమందిలో నవ్వుతూ ఉంటుంది.

ఆ నాలుక ఆ రోజు లేచింది!

"బిడ్డని మట్టిలో పెట్టి వచ్చిన రోజు... నేనింకా దాని పక్క మీద దుప్పటైనా మడవలేదు... మీరు సంఘం ముందు లేచి 'మేము క్షమించాం' అన్నారు! మేము! ఆ మేములో నేనున్నానా అండీ? నన్నడిగారా? నా వంతు కూడా మీరే ఇచ్చేశారు! అప్పట్నుంచీ ఎవరు కనబడ్డా 'ఎంత గొప్ప తల్లివమ్మా' అంటుంటే, లోపల కుతకుత ఉడికిపోతూ పైకి నవ్వుతున్నాను... మీరు మాత్రం ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు! మీరు చిత్రిక పట్టే చెక్కైనా పొట్టు రాలుస్తుంది, మీ కంట్లోంచి చుక్క రాల్లేదు!"

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. కోడలు వెక్కి వెక్కి ఏడుస్తుంటే అత్తగారు దగ్గరకొచ్చి వీపు నిమిరింది. "కక్కేశావు, మంచిపని చేశావు. కానీ అమ్మాయ్... వాణ్ణి కన్నదాన్ని చెబుతున్నాను. ఏడవనివాడంటే ఏడుపు లేనివాడు కాదే!"

మర్నాడు ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ఆరాధన. ఆ రోజున వాళ్ల సంఘంలో ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లు పక్క గదిలో. ఎప్పటిలాగే ఆమే నీళ్లు వెచ్చబెట్టింది, తువ్వాళ్లు మడిచిపెట్టింది. ఇద్దరిద్దరుగా అందరూ జతకూడారు. గదిలో బెంచీ చివర మాత్రం బక్కపల్చటి మనిషి ఒకతె, చెప్పులు విప్పుకుని, పాదాలు లోపలికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఆవిడ దగ్గరికి ఒక్కరూ పోలేదు. గదిలోని కళ్లన్నీ 'గొప్ప తల్లి' వైపే తిరిగాయి! గుమ్మం దాటి పారిపోదామనిపించింది ఆమెకి. కానీ ఎవరూ దగ్గరికి రాని మనిషిని చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాని పని. నీళ్ల పళ్లెం తెచ్చి ఆవిడ ముందు మోకరిల్లింది.

"నేను క్షమించాననుకోకు," అంది చిన్నగా. "క్షమించింది మా ఆయన. నా వల్ల కాలేదు."

"అది అడిగే మొహం నాకు లేదమ్మా..." అంది డ్రైవరు భార్య. "మీ ఆయన మీకు చెప్పొద్దన్నారు. కానీ నాకూ ఒక కూతురుంది. చెప్పకపోతే అన్నం సయించడం లేదు..."

"ఏమిటి చెప్పొద్దన్నది?"

"మా ఆయన పారిపోలేదమ్మా! పాపని ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. చివరిదాకా చెయ్యి వదల్లేదు. పాప... 'మా అమ్మకి చెప్పకండి, హడలిపోతుంది. మా నాన్నకి చెప్పండి' అందట! మర్నాడు మీ ఆయన స్టేషనుకొస్తే కాళ్ల మీద పడి ఆ మాట చెప్పాడు. మీ ఆయన అక్కడే కూలబడిపోయారు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారమ్మా... నేను కళ్లారా చూశాను!"

రెండేళ్లుగా కళ్లు మూసుకుంటే ఒకటే దృశ్యం ఆమెకి... ఖాళీ రోడ్డు మీద తన బిడ్డ ఒక్కతే, అమ్మా అని పిలిస్తే పలికే దిక్కులేకుండా! "ఎవరో ఒకరున్నారన్నమాట... నా తల్లి చెయ్యి పట్టుకుని ఒకరున్నారన్నమాట!" అంటూ ఆ పాదాల మీద తల ఆనించి భోరుమంది. క్షమించానన్న మాట అప్పటికీ నోట రాలేదు. కానీ ఆ రెండు పాదాలూ పసిబిడ్డకి కడిగినంత నెమ్మదిగా కడిగి, వేళ్ల సందులు కూడా తడి లేకుండా తుడిచింది.

ఇంటికొచ్చేసరికి ఆయన పెరటి షెడ్డులో పని బల్ల మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు దాచారు?"

ఆయనకి అర్థమైంది. "అది చివరగా నన్నడిగింది అదొక్కటే. అమ్మకి చెప్పొద్దని... అదీ చెయ్యలేనా అనుకున్నాను. అతను చెప్పింది విన్నాక పగ పెట్టుకోవడం నా వల్ల కాలేదు. నువ్వు తిట్టుకున్నా పడదామనుకున్నాను."

"అయ్యో పిచ్చి మారాజా! పసిపిల్ల బెదిరిపోయి అన్న మాట పట్టుకుని ఇన్నాళ్లూ ఒక్కరే మోశారా? హడలిపోవడానికి నాకింకేం మిగిలిందండీ? అది ఒంటరిగా పోలేదని తెలిస్తే ఒక్క రాత్రైనా నిద్రపోయేదాన్ని కదా!" కోపమో జాలో తెలియక ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. "మిమ్మల్ని క్షమించడానికి కూడా నాకు కొన్నాళ్లు పడుతుంది..."

"పట్టనీ," అన్నాడాయన. ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. ఆమె భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు!

మందిరం నుంచి ఆడవాళ్లు నలుగురు, గొప్ప తల్లిని మెచ్చుకోవడానికి గుమ్మంలోకి వచ్చారు. అత్తగారు షెడ్డు తలుపు మెల్లగా దగ్గరికి లాగి, వాళ్లకి ఎదురెళ్లింది.

"ఇవాళ కాదమ్మా, ఇంకో రోజు రండి. ఇవాళ నా కొడుకూ కోడలూ వాళ్ల బిడ్డ కోసం ఏడ్చుకుంటున్నారు."