కుళాయి దగ్గరి శోకం

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి దుర్గాదేవి టీ వడకడుతుంటే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. తలెత్తి చూస్తే ఎదురు క్వార్టరు శేషమ్మ. ఎప్పుడూ వీధి చివరి నుంచే కేకలేసుకుంటూ వచ్చే మనిషి, ఆవేళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవారగా నిలబడింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ వెనక పక్క క్వార్టరు పట్టాభి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకుని.

"ఎప్పుడైందే?" అంది శేషమ్మ, గొంతు తగ్గించి.

"ఏటెప్పుడు?"

"నిన్న సందేళ కూడా నాతో మాటాడింది గదే..."

దుర్గాదేవికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మేడ మీద కూతురు అమ్ములు పాడుతోంది, కాలేజీలో ఏదో ప్రోగ్రామని. పొద్దుటి హడావిడిలో దుర్గాదేవి చెవిన పెట్టని ఆ పాట కిందికి స్పష్టంగా వినిపిస్తోంది.

*పద్నాలుగేళ్ళకే పట్టాలెంట వొచ్చినావే తల్లో*
*హౌరాలో దిగినాక ఊరెటో మరిసినావే తల్లో...*

అప్పుడే పెరటి తలుపు తోసుకుని దుర్గాదేవి అత్తగారు అప్పమ్మ నీళ్ళ బిందెతో లోపలికొచ్చింది. పట్టాభి చేతిలో తువ్వాలు కింద పడింది.

"ఏటే, అందరూ ఒక్కపాలి వొచ్చినారు?" అంది అప్పమ్మ. "ఎవులు పోనారు?"

పైన పాట ఆగలేదు.

*వేళ్ళు రెండూ కాలవ మూతకి ఇచ్చినావే తల్లో...*

అందరి చూపూ అప్పమ్మ ఎడమచేతి మీదికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ కిందట మురుగు కాలవ మూత జారి పడినప్పుడు ఆ చేతి చివరి వేళ్ళు రెండూ పోయాయి. ఏక్‌బాల్‌పూర్‌లోని ఈ కలకత్తా కార్పొరేషన్ క్వార్టర్లలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అది శోకం పాట అని కూడా, పెద్దవాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. చావు ఇంట్లో శవం పక్కన కూర్చుని, పోయిన మనిషి బతుకంతా పేరుపేరునా చెప్పి ఏడ్చే పాట అది. నలభై ఏళ్ళుగా ఆ లైన్లో ఎవరు పోయినా శోకం పెట్టింది అప్పమ్మే.

వచ్చినవాళ్ళు టీ తాగకుండా చెప్పులేసుకున్నారు. ఒక్కరు కూడా "వెళ్ళొస్తాం" అనలేదు. చావు ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు ఆ మాట అనకూడదు. దుర్గాదేవికి అది వాళ్ళు గుమ్మం దాటాక గానీ తట్టలేదు.

పాపం అమ్ములుకి ఇవేవీ తెలియవు. పుట్టిందీ పెరిగిందీ కలకత్తాలో. క్వార్టర్లలో ఎవరైనా పోతే పిల్లల్ని పక్కింట్లో కూర్చోబెట్టి తలుపులు వేసేసేవాళ్ళు. పిల్ల యాదవ్‌పూర్ దగ్గరి కాలేజీలో బీఏ రెండో ఏడు చదువుతోంది. మొదటి ఏడంతా క్లాసూ బస్సూ తప్ప ఏమీ ఎరగదు. రెండో ఏడు తిత్లి అనే బెంగాలీ స్నేహితురాలు చెయ్యి పట్టుకుని తిప్పాక గానీ అక్కడ ఇంకో లోకం ఉందని తెలియలేదు. బస్టాండు వెనక టీ కొట్ల దగ్గర గిటార్లు. నెలకొకసారి సున్నం కొట్టి కొత్త బొమ్మలేసే గోడలు. సగం కట్టి వదిలేసిన మేడలో నాటకం రిహార్సళ్ళు. ఒక్క తీగ వాయిద్యంతో ఏకధాటిగా పాడేసి, మట్టి కప్పులో టీ తాగి వెళ్ళిపోయే బైరాగులు. అమ్ములుకి ఆ మనుషులంటే పిచ్చి ఇష్టం. కానీ ఎప్పుడూ చివర్లో కూర్చునేది. తండ్రి కార్పొరేషన్‌లో వీధులూడ్చే చీపుళ్ళ మేస్త్రీ అని అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లలంతా కలిసి ఊరి చప్పుళ్ళతో ఒక ప్రదర్శన తలపెట్టారు. ఎవరింటి చప్పుడు వాళ్ళు తేవాలి. అమ్ములు తెల్లవారుజామున ఫోను తీసుకెళ్ళి కుళాయి పక్క గూట్లో పెట్టి వచ్చింది. తెల్లారాక వింటే నీళ్ళ చప్పుడు మధ్య మామ్మ గొంతు. అందరికంటే ముందు లేచి, ఎవరూ లేనప్పుడు పాడుకుంటోంది. తిత్లి విని చెవుల్లోంచి వైర్లు పీకేసి చేతులు రుద్దుకుంది.

"ఎవరు పాడేది?"

"మా ఠాకుమా," అంది అమ్ములు, మామ్మని బెంగాలీలో చెబుతూ. "పని పాట అనుకుంటా."

"చివర్లో ఎందుకలా ఆగిపోతుంది? ఎవరో నోరు నొక్కినట్టు?"

మూడు రోజులు రికార్డు చేసింది అమ్ములు. మూడు రోజులూ పాట ఒక్కచోటే ఆగింది. *నిన్ను తలిచేది ఎవులే తల్లో...* అని ఊరుకుంటుంది. తర్వాత నీళ్ళు మాత్రమే. అయినా అందరూ అమ్ములునే పాడమన్నారు. శనివారం సాయంత్రం, కాలేజీ ఆరుబయట వేదిక మీద.

ఆదివారం తర్వాత ఇంట్లో గాలి మారిపోయింది. సోమవారం శేషమ్మ, పోయిన మనిషి వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదన్నట్టు, ఎప్పుడో పట్టుకెళ్ళిన ఇత్తడి చెంబు తెచ్చి గుమ్మంలో పెట్టింది. మంగళవారం ఎవరో అప్పమ్మ గొడుగు తెచ్చారు, తర్వాత అట్ల పెనం, తర్వాత రోకలి. ఎవరూ లోపలికి రాలేదు, ఎవరూ వెళ్ళొస్తాననలేదు. అప్పమ్మ ఒక్కొక్కటీ చూసి తలూపింది. అన్నం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచింది. దుర్గాదేవి ఒకసారి టీ పోసి లెక్క చూసుకుంటే అత్తగారి గ్లాసు తీయనేలేదు. కావాలని కాదు, చెయ్యి దానంతటదే మర్చిపోయింది. మూల కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

తెల్లవారుజామున కుళాయి దగ్గర పాట కూడా ఆగిపోయింది. అన్నేళ్ళుగా నిద్రలో ఎక్కడో వినిపిస్తూనే ఉన్నట్టుంది, లేకపోయేసరికి దుర్గాదేవి భర్త జయప్రకాశ్‌కి మెలకువ వచ్చేసింది.

బుధవారం డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలో సామాన్లు వరసగా ఉన్నాయి. లోపల తల్లి చీరలు మడతపెడుతోంది. వెండి కడియాలు గుడ్డలో చుట్టి కోడలి ఒళ్ళో పెట్టింది. జయప్రకాశ్ కోపమంతా కూతురి మీద పడింది.

"బతికున్న మనిషికి శోకం పెడతావేటే? ఎవులు నేర్పినారు నీకు?"

"శోకమని తెలీదు నాన్నా..."

"తెలీదు! ఆ కాలేజీ నేదు, ఆ పాటా నేదు. శనివారం గుమ్మం దాటితే కాళ్ళిరగ్గొడతాను!"

"నాన్నా, అక్కడ నేనున్నానో లేదో కూడా ఎవరికీ తెలీదు. మొదటిసారి నన్ను పాడమన్నారు."

"దాని కోసం మా అమ్మని పాడెక్కించీస్తావా?"

అమ్ములు గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "పాడను. ఇంకెప్పుడూ పాడను."

"దాన్నెందుకురా తిడతావు?" అంది అప్పమ్మ. నాలుగు రోజుల్లో ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. "శోకం మొదలెట్టింది నాను. మీ నాన్న పోనప్పుడు నానేడ్సినాను. పట్టాభి పెళ్ళాం పోనప్పుడు నానేడ్సినాను. మరి నాకెవులేడుస్తారు? శేషమ్మకి పదాలు రావు. కోడలికి ఏడుపొస్తే గొంతు పూడిపోద్ది. నువ్వు మొగోడివి. ఫోన్లో ఏదో భజనెట్టి పంపీస్తారు. ఈ ఊళ్ళో నానేటి సేసినానో ఒక్కరూ సెప్పకుండా ఎల్లిపోవాలేటి? అందుకని నాకు నానే ఏడ్సుకుంటన్నాను."

జయప్రకాశ్ తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"మొన్న నా మనవరాలి నోటంట ఇనీసరికి కబురొచ్చినట్టే అనుకున్నాను."

"మామ్మా," అంది అమ్ములు, "ఆఖరి ముక్క ఎందుకు పాడవు?"

"అది నాను పాడకూడదే. నిన్ను తలిచేది ఎవులే అంటే, ఎనక మిగిలినోళ్ళు జవాబు సెప్పాలి. అది సెప్తేనే శోకం పూర్తవుద్ది. పూర్తవకపోతే ఆ మనిషి గుమ్మంలోనే నిలబడిపోద్ది. లోనికి రాదు, బయటికి పోదు." అప్పమ్మ గుమ్మంలోని సామాన్ల వంక చూసింది. "ఆదివారం నుండీ నానలాగే నిలబడున్నాను."

మడతపెట్టిన చీరలు పక్కకి జరిపి ముసలమ్మే అంది. "శనివారం నన్ను తీసుకెల్లండి. నా సెవులతో ఇనాలి."

"వొద్దమ్మా. అది పూర్తి సేస్తే నీకేటైనా..." అన్నాడు జయప్రకాశ్.

"సచ్చినాక ఇనలేను కదరా," అంది అప్పమ్మ.

శనివారం జయప్రకాశ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ కాలేజీ ముందు రోడ్డు ఎన్నోసార్లు ఊడ్పించాడు. గేటు లోపలికి రావడం మాత్రం అదే మొదలు. పొద్దువాటారుతోంది. గోడల మీద వేసిన పెద్ద పెద్ద ముఖాలు పొగమంచులో పెదాలు కదుపుతున్నట్టున్నాయి. అప్పమ్మ సెంగావి చీర కట్టుకుని ముందు వరసలో కొడుకూ కోడలి మధ్య కూర్చుంది.

అమ్ములు మైకు ముందుకొచ్చి ముందు బెంగాలీలో చెప్పింది. "ఇది చావు పాట. మా ఠాకుమాది. ఆవిడ బతికే ఉంది, ఇదిగో, ఇక్కడే కూర్చుంది. నలభై ఏళ్ళు ఈ ఊరు ఊడ్చింది. మా నాన్న కూడా అదే పని చేస్తాడు."

దీపాలు తీసేశారు. నాలుగు వైపుల నుంచీ కుళాయి నీళ్ళ చప్పుడు మొదలైంది. చీకట్లోంచి అప్పమ్మ గొంతు వచ్చింది. ఆ గొంతు గల మనిషి ఇక్కడ నోరు మూసుకుని కూర్చునుంటే, గోడల్లోంచి అదే గొంతు రావడం విని దుర్గాదేవి అత్తగారి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. పాతగొంతులోకి అమ్ములు గొంతు కలిసింది. రైలు, హౌరా, చీపురు, పోయిన వేళ్ళు, అన్నీ వచ్చాయి. *నిన్ను తలిచేది ఎవులే తల్లో* అని పాట ఆగింది. నీళ్ళు కారుతున్నాయి. ఎంతసేపటికీ అమ్ములు నోరు విప్పలేదు. జయప్రకాశ్‌కి లేచి వెళ్ళి ఆపేద్దామనీ ఉంది, పాడవే తల్లీ అనాలనీ ఉంది.

*తలిచేది ఎవులంటే నీ మనవరాల్నే తల్లో*
*నువ్వూడ్చిన బాటెంటే నే బడికెళ్ళినానే తల్లో*
*నీ వేళ్ళు మింగిన ఊళ్ళో నీ పేరు సెప్పినానే తల్లో...*

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. దీపాలు వెలిగాయి. జయప్రకాశ్ ముందు వేదిక వైపు కాదు, పక్కకి చూశాడు. తల్లి కళ్ళు మూసుకుని ఉన్నాయి. తల ఒక పక్కకి వాలి ఉంది.

"అమ్మా!" అని భుజం పట్టి కుదిపాడు. "అమ్మా!"

"ఉండరా, ఇంటన్నాను," అంది అప్పమ్మ కళ్ళు తెరవకుండానే. బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

అమ్ములు వేదిక దిగి పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. అప్పమ్మ మూడు వేళ్ళ చేత్తో మనవరాలి జుట్టు సవరించింది. "బాగానే ఏడ్సినావే. సేతులు మాత్రం అలా తిప్పకూడదు, శోకమా, డేన్సా?" అని, కొడుకు వైపు తిరిగింది. "ఇంక నాకు తొందర నేదురా. ఆకలేస్తంది, ఏటైనా కొనిపెట్టు."

మర్నాడు తెల్లవారుజామునే జయప్రకాశ్‌కి మెలకువ వచ్చింది. పక్క మీద తల్లి లేదు. చెప్పుల్లేకుండా కుళాయి వైపు పరుగెత్తి మలుపులో ఆగిపోయాడు.

"నా బిందె ముందెట్టినాను! కళ్ళు కనపడవేటే శేషమ్మా?"

"నువ్వింకా బతికే ఉన్నావని నాకేటి తెలుసే!" అంది శేషమ్మ. ఇద్దరూ అరుచుకున్నారు, నవ్వుకున్నారు, బిందెలు తోసుకున్నారు. చివరికి శేషమ్మ నిండిన బిందె చంకనెత్తుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఎల్లొస్తానే అప్పమ్మక్కా."

జయప్రకాశ్ ఆ మలుపులోనే చతికిలబడి, మొహం చేతుల్లో దాచుకుని బావురుమన్నాడు.