చెయ్యి కంటే ముందు చూపు

"ఈ మధ్యాహ్నం ఉప్పలగుప్తం దగ్గర గ్యాస్ లైను పేల్చేస్తారంటండీ," అన్నారు చీఫ్ నాగేంద్రబాబు, టీ గ్లాసు కింద పెడుతూ.

అమలాపురంలో కొబ్బరి కొట్టు మీది గది అది. ఎదురుగా ఏజెంట్ మోషే కూర్చున్నాడు.

"ఎవరండీ?"

"విక్టర్. విదేశీ ముఠా నాయకుడు. దిండిలో హౌస్‌బోట్ అద్దెకు తీసుకుని, గేమ్ టెస్టింగ్ కంపెనీ అని బోర్డు పెట్టేడు. అతని స్క్రీన్ మీద నాలుగు వర్చువల్ వాల్వులుంటాయి. మౌస్‌తో తాళంచెవిని లాక్కెళ్ళి ఒకదానిలో పెట్టేడంటే, అక్కడ అసలు వాల్వు తెరుచుకుని లైను పేలిపోద్ది. నాలుగింటి దగ్గరా మనవాళ్ళున్నారు. అన్నీ ఒకేసారి బిగిస్తే ప్రెషర్‌కి లైనే పగిలిపోద్ది. ఏదో ఒక్కటే బిగించాలి. ఏదన్నది మీరు చెప్పాలి."

"కోడ్?"

"ఒకటి కొబ్బరి, రెండు అరటి, మూడు పనస, నాలుగు మామిడి. మీ చొక్కా గుండీలో మైకుంది. టెస్టర్‌గా వెళ్ళండి. ముందు కంటి పరీక్ష పెడతాడు. స్క్రీన్ మీద బొమ్మ పడవను రేవుకి లాగాలి. చూపు పడ్డచోటల్లా కెమెరా ఎర్రచుక్క పెడుతుంది. మామూలు మనిషి చూపు చేతికంటే ముందే రేవుకి చేరిపోద్ది. గూఢచారి చూపు గదంతా వెతుకుద్ది. అక్కడే దొరికిపోతారు."

"లోపల మనవాళ్ళెవరు?"

"హన్నా గారండీ. డబ్బుకి మనల్ని అమ్మేసిందని విక్టర్ నమ్మకం."

మోషే గొంతు సవరించుకున్నాడు. "ఆ విక్టర్ ఎలా ఉంటాడండీ?"

"ఆరడుగులు. అందగాడు. ఎందుకూ?"

"గుర్తుపట్టడానికి."

"ఆయ్," అన్నారు చీఫ్, నవ్వాపుకుంటూ.

హౌస్‌బోట్‌లో మోషే మౌస్ పట్టుకున్నాడు. స్క్రీన్ మీద పడవ ఉంది, రేవు ఉంది. ఆ స్క్రీన్ మూలనే చిన్న వీడియో కిటికీలో వెనక గది కనిపిస్తోంది. అందులో ఎర్రచీర కట్టుకున్న హన్నా తన చేత్తో విక్టర్ నోట్లో పూతరేకు పెడుతోంది.

మోషేకి ఒళ్ళు మండిపోయింది. అది నటనని తెలుసు. తెలిసినా అసూయ తగ్గలేదు. మూడేళ్ళు పక్క సీట్లో కూర్చుని పనిచేసినా తనకి ఒక్క జంతిక కూడా పెట్టలేదు ఆ మనిషి! బొమ్మ పడవ గట్టుకి గుద్దుకుని బోల్తా పడింది.

విక్టర్ హన్నాతో కలిసి వచ్చి, గోడ మీది పెద్ద తెర మీద ఆ చుక్కల రికార్డు వేశాడు. రేవు మీద ఒక్క చుక్క లేదు. అన్నీ ఆ మూల కిటికీలోనే.

"గది వెతికావు," అన్నాడు విక్టర్ చల్లగా. అతని చెయ్యి పిస్టల్ మీదికి వెళ్ళింది. తెర మీది బొమ్మను పెద్దది చేశాడు. చుక్కలన్నీ హన్నా మొహం మీద గుంపుగా ఉన్నాయి. విక్టర్ పగలబడి నవ్వాడు. "నువ్వు గూఢచారి కాదు. పిచ్చి ప్రేమికుడివి. అక్కడ నిలబడి చూడు."

అతను అదే కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు వాల్వులు ప్రత్యక్షమయ్యాయి. కంటి కెమెరా ఆపడం మరిచిపోయాడు. అతని వెనక గోడ మీద ఎర్రచుక్క ఇంకా కదులుతూనే ఉంది.

తాళంచెవి కదిలింది. మొదటి వాల్వు వైపు వెళ్ళింది, రెండోదాని దగ్గర ఊరించింది. చుక్క మాత్రం అప్పటికే మూడోదాని మీద కూర్చుంది.

మోషే హన్నా వైపు తిరిగి, ఉక్రోషమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. అంత కష్టమేమీ కాలేదు.

"పూతరేకులతో సరిపోద్దాండీ మేడం గారూ? పనస తొనలు కూడా ఒలిచి పెట్టండి దొరగారికి! పనస!"

విక్టర్ మళ్ళీ నవ్వుతూనే తాళంచెవిని మూడో వాల్వులో తిప్పాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి చల్లటి పిస్టల్ గొట్టం అతని చెవికి తగిలింది. దాన్ని పట్టుకున్నది హన్నా. బయట పోలీసు బోట్లు హౌస్‌బోట్‌ని చుట్టుముట్టేశాయి.

సాయంత్రం రేవులో చీఫ్ అన్నారు: "మోషే గారి చూపుల రికార్డు కేసులో సాక్ష్యమండీ. కోర్టులో పెద్ద తెర మీద వేస్తారు."

మోషే తలెత్తలేకపోయాడు. చీఫ్ అటు వెళ్ళాక మెల్లగా అడిగాడు: "మీకూ పెట్టేడా పరీక్ష?"

"పెట్టేడండీ," అంది హన్నా. "ఆ రోజు మీరు లేరు కదా. నా కళ్ళు బుద్ధిగా రేవు మీదే ఉన్నాయి."

ఆమె చేతిసంచీలోంచి పొట్లం తీసి, మిగిలిన పూతరేకు అతని చేతిలో పెట్టింది. తింటున్నంతసేపూ మోషేకి ఆ బొమ్మ రేవు మీద అసూయగానే ఉంది.